సోడా స్టీరియో ‘కంఫర్ట్ ఇ మూసికా పారా బొలార్’: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఎవరి ఆల్బమ్? ఎక్కడ, ఎప్పుడు రికార్డ్ చేశారు?

సోడా స్టీరియో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో 1982లో పుట్టిన ముగ్గురి బ్యాండ్. గుస్తావో సెరాతి గిటార్ వాయిస్తూ పాడతాడు, సేతా బోసియో బేస్, చార్లీ అల్బెర్తి డ్రమ్స్. మెక్సికో నుంచి చిలీ దాకా స్పానిష్ రాక్‌కి ఒకే మార్కెట్ ఉందని రుజువు చేసిన బ్యాండ్‌లలో వీళ్ళది మొదటి వరస. 1996 మార్చి 12న మయామీలో ఎం టీవీ ‘అన్‌ప్లగ్డ్’ కార్యక్రమం కోసం వీళ్ళు చేసిన కచేరీయే ఈ రికార్డుకు మూలం. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఆల్బమ్ వచ్చింది. పేరుకు అర్థం ‘సౌఖ్యం, ఎగరడానికి సంగీతం’.

ఒక చోట 11 పాటలు, ఇంకో చోట 13 కనిపిస్తున్నాయి. ఏది అసలుది?

రెండూ అసలువే. అందరూ తికమకపడేది ఇక్కడే కాబట్టి దీన్ని వివరంగానే చూద్దాం.

1996లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో 11 పాటలున్నాయి. అందులో మయామీ కచేరీవి 7 మాత్రమే: ‘ఎన్ లా సియుదాద్ దె లా ఫూరియా’, ‘ఉన్ మిసీల్ ఎన్ మి ప్లకార్’, ‘ఎంత్రె కనీబలెస్’, ‘పాసోస్’, ‘తే పారా త్రెస్’, ‘ఆంహెల్ ఎలెక్త్రికో’, ‘ఎషా ఉసో మి కబేసా కోమో ఉన్ రెబోల్బెర్’. మిగిలిన 4 స్టూడియో పాటలు: ‘సోనోమన్’, ‘ప్లనెయదోర్’, ‘కొరాల్’, ‘సూపర్‌స్టార్’. ఇవి 1995 ఆల్బమ్ ‘స్వెన్యో స్టీరియో’ పనిలో పుట్టి, అందులోకి ఎక్కకుండా మిగిలినవి.

1997లో విడిపోయిన బ్యాండ్ 2007లో మళ్ళీ కలిసినప్పుడు ఇదే పేరుతో ఇంకో కూర్పు వచ్చింది. ఇందులో ఆ 4 స్టూడియో పాటలు తీసేశారు. కచేరీలో వాయించినా మొదటి ఆల్బమ్‌లో చోటు దక్కని 6 పాటలు చేర్చారు: ‘జూమ్’, ‘క్వాందో పాసె ఎల్ తెంబ్లోర్’, ‘తెరాపియా దె అమోర్ ఇంతెన్సివా’, ‘దిస్కో ఎతెర్నో’, ‘పసెయాందో పోర్ రోమా’, ‘హేనెసిస్’. అలా 7కి 6 కలిపి 13 అయ్యాయి.

1996 నాటిది బ్యాండ్ ఏరి కూర్చిన ఆల్బమ్. కచేరీలోంచి తమకు నచ్చిన ముక్కలు తీసుకుని, పక్కన కొత్త స్టూడియో పాటలు పెట్టారు. 2007 నాటిది ఆ రాత్రి కచేరీకి రికార్డు. పేరు ఒక్కటే గానీ ఇవి రెండు వేర్వేరు ఆల్బమ్‌లని మా అభిప్రాయం. ‘పూర్తి కూర్పు దొరికింది కదా, పాతది ఎందుకు’ అనుకుంటే నాలుగు మంచి పాటలు చేజారతాయి.

నా చేతిలో ఉన్న సీడీ ఏ కూర్పో ఎలా గుర్తుపట్టాలి?

అట్ట మీద ఏడాది కోసం వెతక్కండి, పాటల పట్టిక చూడండి. మొదటి పాట ‘ఎన్ లా సియుదాద్ దె లా ఫూరియా’, చివరిది ‘సూపర్‌స్టార్’ అయితే అది 1996 కూర్పు. మొదటి పాట ‘ఉన్ మిసీల్ ఎన్ మి ప్లకార్’, చివరిది ‘హేనెసిస్’ అయితే 2007ది. పాత సామాన్ల దుకాణంలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, ఏ రూపంలో కొన్నా ఇదే పరీక్ష పనిచేస్తుంది. అమ్మేవాళ్ళు ఒక కూర్పు బొమ్మ పెట్టి ఇంకో కూర్పు పట్టిక రాయడం మామూలే కాబట్టి వెనక అట్ట ఫొటో అడిగి తీసుకోండి. ఈ రెండు పాటలు చూస్తే చాలు.

కొత్తగా వినేవాళ్ళు దేనితో మొదలుపెట్టాలి?

1996 కూర్పుతో, అదీ మొదటి 7 పాటలతో. ‘ఎన్ లా సియుదాద్ దె లా ఫూరియా’ని మొదట పెట్టడం ఆ ఆల్బమ్ చేసిన గొప్ప నిర్ణయం, ఆ ఒక్క పాటలోనే ఈ బ్యాండ్ మీకు పట్టుబడుతుంది. ఆ తర్వాత 2007 కూర్పు మొదటి నుంచి చివరి దాకా వరసగా వినండి. షఫుల్‌లో మాత్రం వద్దు.

అన్‌ప్లగ్డ్ అంటున్నారు, మరి ఎలక్ట్రిక్ గిటార్ వినిపిస్తోందేం?

నిజంగానే ఉంది కనక. కరెంటు వాయిద్యాలు పక్కన పెట్టి, చెక్క గిటార్లతో పాత పాటలు నెమ్మదిగా పాడటం ఆ కార్యక్రమం పద్ధతి. సోడా స్టీరియోకి ఆ పద్ధతి మీద మొదటినుంచీ ఆసక్తి లేదు. చివరికి కొంత ఎలక్ట్రిక్‌గానే వాయించే ఒప్పందం మీద చేశారు.

అందుకే దీన్ని అకూస్టిక్ ఆల్బమ్ అనుకుని వినేవాళ్ళు నిరాశపడతారు. ఇక్కడ జరిగిన పని వేరు: పాటల వేగం, లయ, పొరలు అన్నీ మార్చి మళ్ళీ కట్టారు. వయోలా, చెల్లో అనే తంత్రీవాద్యాలు వచ్చి గిటార్లు వదిలిన ఖాళీలో కూర్చున్నాయి. ఎలక్ట్రిక్ గిటార్ ఉన్న చోట కూడా గోల చేయదు, మీటిన ఒక్కో స్వరం వెనక గది నిశ్శబ్దం వినిపిస్తుంది.

ముగ్గురే కాదు కదా, ఇంకా ఎవరెవరున్నారు?

కీబోర్డ్ మీద ట్వీటీ గొన్సాలెస్. బ్యాండ్‌తో ఆయనది ఏళ్ళ తరబడి సాగిన అనుబంధం, నాలుగో సభ్యుడితో సమానం. 2007 పునఃకలయిక పర్యటనలోనూ వాయించాడు. ఆయన కాక తంత్రీవాద్యాల చిన్న బృందం ఉంది. ఒక పాటకు అతిథి గాయని ఉంది.

‘ఎన్ లా సియుదాద్ దె లా ఫూరియా’లో ఆ ఆడగొంతు ఎవరిది?

ఆంద్రెయా ఎచెవెర్రి. కొలంబియాలోని బొగొతా నగరానికి చెందిన ‘అతెర్సియోపెలాదోస్’ బ్యాండ్ గాయని. ఈ కచేరీకి ఏడాది ముందే, 1995లో, వాళ్ళ ‘ఎల్ దొరాదో’ ఆల్బమ్ వచ్చి పేరు తెచ్చుకుంది.

ఈ పాట మొదట 1988 ఆల్బమ్ ‘దోబ్లె బీదా’లో ఉంది. న్యూయార్క్‌లో, కార్లోస్ అలోమార్ నిర్మాణంలో రికార్డ్ చేశారు. అలోమార్ అంటే ఇంగ్లాండ్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ దగ్గర ఏళ్ళ తరబడి గిటార్ వాయించినవాడు. బ్యూనస్ ఐరిస్ మీద రెక్కలతో ఎగిరే మనిషి ఒకడు రాత్రి పూట నగరాన్ని చూస్తూ పాడే పాట ఇది. 1988లో అది ఒక్కడి ఏకాంతం. 1996లో వేగం తగ్గించి, ఆంద్రెయా గొంతు చేర్చేసరికి ఇద్దరి మధ్య మాటలా మారింది. ఆమె గొంతు సెరాతి గొంతుకి మెరుగు దిద్దడానికి రాలేదు. కాస్త గరుకుగా, సాగదీస్తూ, తన బొగొతా యాసతోనే పాడింది. ఇద్దరూ కలిసి పాడే పల్లవి దగ్గర ఒక్కసారి కేవలం ఆమె గొంతునే వెంబడించి వినండి, సెరాతి పదాన్ని ముగించాక కూడా ఆమె దాన్ని ఇంకొంచెం పట్టి ఉంచుతుంది.

2007 పర్యటన పేరు ‘మె బెరాస్ బొల్బెర్’, అంటే ‘నేను తిరిగిరావడం చూస్తావు’. ఆ మాట ఈ పాటలోదే.

‘ఉన్ మిసీల్ ఎన్ మి ప్లకార్’ స్టూడియో పాటకీ దీనికీ పోలికే లేదు. ఎందుకు?

స్టూడియో పాట 1984 నాటి మొదటి ఆల్బమ్‌లోది. ఆ ఆల్బమ్‌ని ‘వీరుస్’ బ్యాండ్ గాయకుడు ఫెదెరికో మౌరా నిర్మించాడు. అప్పట్లో వాళ్ళది ‘న్యూ వేవ్’ అనే హడావిడి రాక్ తరహా: గిటార్ టకటకమంటూ కోస్తుంది, డ్రమ్స్ పరుగెడతాయి, పాట ఎప్పుడయిపోయిందో తెలియదు. ‘నా బట్టల అల్మారాలో క్షిపణి’ అనే శీర్షిక కూడా ఆ కుర్రతనానికి తగినదే.

పన్నెండేళ్ళ తర్వాత అదే పాటని బాగా నెమ్మదింపజేశారు. లయ బరువెక్కింది, బేస్ ముందుకొచ్చింది, గొంతు తగ్గింది. తొంభైల నడుమ ఇంగ్లాండ్ నుంచి వస్తున్న, నెమ్మది లయా బరువైన బేసూ ఉండే ‘ట్రిప్ హాప్’ తరహా ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. కుర్రాళ్ళ అల్లరిగా ఉన్న పాట ఇక్కడ భయం కలిగిస్తుంది.

మార్పు పట్టుకోవాలంటే ఇలా చేయండి. ముందు 1984ది ఒకసారి వినండి, వెంటనే 1996ది పెట్టండి. మొదటిసారి డ్రమ్స్ మాత్రమే, రెండోసారి బేస్ మాత్రమే గమనించండి. ఫోన్ స్పీకర్‌లో ఇది కుదరదు. అంత చిన్న స్పీకర్ లోతైన స్వరాలని పలికించలేదు, ఈ పాట సగం అక్కడే ఉంది. మామూలు ఇయర్‌ఫోన్ అయినా సరిపోతుంది.

‘తే పారా త్రెస్’ దేని గురించి?

‘ముగ్గురికి టీ’. సెరాతి, అమ్మ, నాన్న. తండ్రికి క్యాన్సర్ అని తెలిసిన నాటి మధ్యాహ్నం ఇంట్లో టీ బల్ల దగ్గర కూర్చున్న ఆ ముగ్గురే ఈ పాట. పాటలో జబ్బు పేరు రాదు, ‘నువ్వు ఏడవడం చూశాను’ అన్న మాట మాత్రం వస్తుంది. పాట 1990 నాటి ‘కన్సియోన్ అనిమాల్’లో వచ్చింది, తండ్రి 1992లో కన్నుమూశారు. ఆ ఆల్బమ్‌ని కూడా మయామీలోనే, క్రైటీరియా స్టూడియోలో రికార్డ్ చేశారు.

కచేరీ రూపంలో చివర ఒక విషయం ఉంది, చాలామంది దాటేస్తారు. పాట అయిపోతోందనుకున్న చోట గిటార్ వేరే స్వరాల వరసలోకి జారుతుంది. అది ‘సెమెంతేరియో క్లబ్’ అనే పాటలోది. అర్జెంటీనా రాక్ గాయకుడు లూయిస్ అల్బెర్తో స్పినెత్తా తన బ్యాండ్ ‘పెస్కాదో రబియోసో’ పేరు మీద 1973లో తెచ్చిన ‘అర్తో’ ఆల్బమ్‌లో ఉంటుంది. అర్జెంటీనా రాక్ అభిమానులకు ‘అర్తో’ ఎంత ముఖ్యమైనదంటే, ఆ నాలుగు స్వరాలు వినగానే గుర్తుపడతారు. మీరు కూడా ముందు ‘సెమెంతేరియో క్లబ్’ ఒకసారి విని రండి, ఈ ముగింపు అప్పుడు ఇంకోలా వినిపిస్తుంది.

‘హేనెసిస్’ వాళ్ళ పాట కాదా?

కాదు. ‘వోక్స్ దెయి’ అనే అర్జెంటీనా బ్యాండ్‌ది. బైబిల్ కథల మీద వాళ్ళు చేసిన ‘లా బిబ్లియా’ ఆల్బమ్ 1971లో వచ్చింది, దాని మొదటి పాట ఇది. ‘తే పారా త్రెస్’ చివర స్పినెత్తా, ఆఖర్న వోక్స్ దెయి. ఎనభైల్లో సోడా స్టీరియోని కొందరు జుట్టూ బట్టలూ తప్ప ఏమీ లేని బ్యాండ్ అని కొట్టిపారేసేవారు. తమ ముందుతరం నుంచి ఏం తీసుకున్నారో ఈ కచేరీలో బాహాటంగా చూపించారు. 1996 కూర్పులో ‘హేనెసిస్’ లేకపోవడం పెద్ద లోటు.

ఆ నాలుగు స్టూడియో పాటలు వినదగ్గవేనా, మిగులు సరుకా?

వినదగ్గవే. కచేరీ పాటల తర్వాత వెంటనే వింటే గది మారినట్టు అనిపించి చాలామంది ఆపేస్తారు, చప్పట్లు ఉండవు, ఎలక్ట్రానిక్ పొరలు ఎక్కువ. కాస్త విరామం ఇచ్చి విడిగా వినండి. ముందు ‘ప్లనెయదోర్’ వినండి, నాలుగింటిలో పాటగా గట్టిగా నిలబడేది అదే. 1997 వీడ్కోలు కచేరీలో కూడా దాన్ని వాయించారు. 1999లో సెరాతి ఒంటరిగా చేసిన ‘బొకనాదా’ మీకు ఇష్టమైతే, ఆ దారి ఈ పాటల్లోంచే మొదలైందని మీకే తెలుస్తుంది.

రెండు కూర్పులూ ఫోన్‌లో వేసుకుంటే ఒకే ఆల్బమ్‌గా కలిసిపోతున్నాయి. ఏం చేయాలి?

ప్లేయర్లు ఆల్బమ్ పేరు, ఆల్బమ్ కళాకారుడి పేరు చూసి ఫైళ్ళని ఒకచోట చేరుస్తాయి. ఇక్కడ రెండూ ఒక్కటే కాబట్టి 24 పాటల గుంపు తయారవుతుంది, 1వ పాటలు రెండు, 2వ పాటలు రెండు, అలా. ఫైళ్ళలోని పాట, ఆల్బమ్ పేర్లు మార్చే ట్యాగ్ ఎడిటర్‌లో ఆల్బమ్ పేరు చివర 1996 అని ఒకదానికి, 2007 అని ఇంకోదానికి చేర్చండి. ఏడాది గడిలో మాత్రమే రాస్తే చాలా ప్లేయర్లు పట్టించుకోవు, పేరులోనే ఉండాలి. ఇంకో తంటా: ఆంద్రెయా పాడిన పాటకి కళాకారుల గడిలో ఇద్దరి పేర్లు ఉంటాయి కాబట్టి అది ఒక్కటే విడిపోయి వేరే ఆల్బమ్‌గా కనిపించవచ్చు. ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ గడిలో అన్ని పాటలకూ సోడా స్టీరియో అని ఒకేలా పెడితే తిరిగి కలుస్తుంది.

అన్నీ ఒక ప్లేలిస్టులో కావాలంటే 2007 కూర్పు 13 పాటలు వరసగా పెట్టి, చివర 1996 నుంచి స్టూడియో పాటలు 4 చేర్చండి. మొత్తం 17. స్టూడియో పాటల్ని కచేరీ మధ్యలో ఇరికించకండి.

పాటకీ పాటకీ మధ్య చప్పట్లు తెగిపోతున్నాయి. సీడీ పాడైందా?

చాలాసార్లు సెట్టింగ్‌దే తప్పు. కచేరీ రికార్డులో ఒక పాట చివరి చప్పట్లు తర్వాతి పాట మొదటికి పాకుతాయి.

స్ట్రీమింగ్ యాప్‌లో క్రాస్‌ఫేడ్ ఆన్‌లో ఉంటే ఒక పాట చివర్ని ఇంకో పాట మొదలు మీద పులుముతుంది. దాన్ని 0 సెకన్లు చేయండి, గ్యాప్‌లెస్ అనే మీట ఉంటే ఆన్ చేయండి. సొంతంగా ఎంపీ3 చేసుకున్నవాళ్ళకి వేరే కారణం. ఎంపీ3 తయారయ్యేటప్పుడు ప్రతి ఫైలు మొదట్లో, చివర్న కొద్దిపాటి నిశ్శబ్దం చేరుతుంది, దాన్ని కత్తిరించడం తెలియని ప్లేయర్‌లో చిన్న గతుకు వినిపిస్తుంది. సీడీలోంచి నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్ళుగా తీసుకుంటే ఆ బాధ లేదు.

‘తే పారా త్రెస్’ మిగతా పాటలంత గట్టిగా వినిపిస్తోందంటే వాల్యూమ్ నార్మలైజేషన్ పని. ప్లేలిస్టులో పెడితే యాప్ ఒక్కో పాటనీ విడిగా కొలిచి, మెల్లని పాటని పెంచేస్తుంది. ఆల్బమ్‌గా వింటే తేడాలు అలాగే ఉంచే యాప్‌లున్నాయి. లేదంటే ఆ మీట ఆపేయండి, ఈ కచేరీలో మెల్లగా ఉన్నవి మెల్లగానే ఉండాలి.

స్పానిష్ రాదు. పేర్లు ఎలా పలకాలి, ఎలా వెతకాలి?

తెలుగువాళ్ళకి స్పానిష్ పలకడం కష్టం కాదు. అచ్చులు ఐదే, మన అ, ఎ, ఇ, ఒ, ఉ లాగే స్పష్టంగా పలుకుతాయి. త, ద దంత్యాలే, ఇంగ్లీషులా ట, డ కావు. ఇంగ్లీషు వీ అక్షరం కనిపించిన చోట ‘బ’కి దగ్గరగా పలకండి: ‘బొలార్’. జెడ్ వస్తే ‘స’: ‘కబేసా’. జే వస్తే ‘హ’. ఇక బ్యూనస్ ఐరిస్‌లో రెండు ఎల్‌లు కలిసి వస్తే ‘ష’ అంటారు, అందుకే పైన ‘ఎషా’ అని రాశాం. మెక్సికోవాళ్ళు అదే మాటని ‘ఎయా’ అంటారు.

వెతికేటప్పుడు అక్షరాల మీద స్వరచిహ్నాలు పెట్టనక్కర్లేదు. ‘తే పారా త్రెస్’ మాత్రం కొన్నిచోట్ల అంకె 3తో, కొన్నిచోట్ల అక్షరాల్లో ఉంటుంది, ఒకలా దొరక్కపోతే రెండోలా చూడండి.

మా బ్యాండ్‌లో నలుగురమే. ఈ రూపాల్ని వేదిక మీద వాయించగలమా?

వాయించగలరు, తంత్రీవాద్యాల భాగం కీబోర్డ్‌కి ఇస్తే. సాధారణంగా చెడేది కూడా అక్కడే. స్ట్రింగ్స్ శబ్దం ఎంచుకుని రెండు చేతులతో కార్డ్స్, అంటే ఒకేసారి పలికే స్వరాల గుంపులు, పరిచేస్తారు, అది బేస్‌తో కలిసి బురదలా అవుతుంది. ఒక్క స్వరం చొప్పున గీతలా వాయించండి. వయోలా అట్టడుగు స్వరం మధ్య ‘సి’కి ఒక స్థాయి కింద, చెల్లోది రెండు స్థాయిల కింద, కుడిచేతిని వయోలా పరిధిలో, ఎడమచేతిని చెల్లో పరిధిలో ఉంచితే నిజం బృందానికి దగ్గరగా ఉంటుంది. బేస్ వాయించే చోట ఎడమచేయి ఎత్తేయండి. గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చే డిస్టార్షన్ పెడల్‌ని గిటారిస్టు ఇంట్లో వదిలేసి రావచ్చు. డ్రమ్స్ అందరికంటే తక్కువ శబ్దంతో ఉండాలి, అది కుదరకపోతే ఇంకేం చేసినా ఈ పాటలు కుదరవు.

దీని తర్వాత వాళ్ళ ఏ లైవ్ ఆల్బమ్ వినాలి?

‘ఎల్ ఉల్తిమో కొన్సియెర్తో’. 1997 మేలో విడిపోతున్నట్టు చెప్పి, సెప్టెంబర్ 20న బ్యూనస్ ఐరిస్‌లోని రివర్ ప్లేట్ స్టేడియంలో వీడ్కోలు కచేరీ చేశారు. ఇది ఎ, బి అని రెండు వేర్వేరు సీడీలుగా వచ్చింది, ఒకటి కొని ఆల్బమ్ అంతేననుకోకండి. ‘బి’ చివర ‘దె మూసికా లిహెరా’ ఉంటుంది. ఆ పాట చివర్లోనే సెరాతి జనానికి ‘గ్రాసియాస్ తోతాలెస్’ అని కృతజ్ఞత చెప్పాడు. లాటిన్ అమెరికాలో ఆ రెండు మాటలు తెలియని రాక్ అభిమాని ఉండడు. మయామీ గదిలో విన్న బ్యాండ్ స్టేడియంలో ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ‘ఎన్ లా సియుదాద్ దె లా ఫూరియా’, ‘తే పారా త్రెస్’ రెండు రికార్డుల్లోనూ పోల్చి వినండి.

1987 నాటి ‘రుయిదో బ్లాంకో’ తొలినాళ్ళ వేగం కోసం. 2008లో వచ్చిన ‘హీరా మె బెరాస్ బొల్బెర్’ పునఃకలయిక పర్యటనది; శబ్దం శుభ్రంగా ఉంటుంది, కానీ ముందు మిగతావి వినండి.

బ్యాండ్ ఇప్పుడు ఉందా?

2010 మేలో కరాకస్ కచేరీ అవగానే సెరాతికి పక్షవాతం వచ్చింది. నాలుగేళ్ళు కోమాలోనే ఉండి 2014 సెప్టెంబర్ 4న మరణించాడు. 2020లో బోసియో, అల్బెర్తి ‘గ్రాసియాస్ తోతాలెస్’ పేరుతో అతిథి గాయకులతో పర్యటన మొదలుపెట్టారు, మొదటి కచేరీ బొగొతాలో. ఆ అతిథుల్లో ఆంద్రెయా ఎచెవెర్రి కూడా ఉంది.